గుసగుసగారు

టికెట్ల గది అని పేరే గాని ఇది గది కాదు. మెట్ల కింద మిగిలిపోయిన చోటుకి ఎవరో తలుపు బిగించి, ముందు వైపు అద్దం పెట్టి, అద్దంలో చెయ్యి పట్టేంత కంత కోశారు. ఆ అద్దానికి పై సగమంతా పాత పోస్టర్ల జిగురు పట్టి ఉంది కాబట్టి ఇక్కడ కూర్చుంటే వచ్చేవాళ్ళు నాకు మెడ దగ్గర మొదలై నడుము దగ్గర అయిపోతారు, మొహం చూడాలంటే నేను తల వాల్చి ఓరగా పైకి చూడాలి, వాళ్ళు నన్ను చూడాలంటే వంగాలి, ఇద్దరం ఒకేసారి ఆ పని చేస్తే మధ్యలో అద్దం లేకపోతే తలలు ఢీకొనేవే, అయినా సరే ఇవాళ ఒక్క మొహాన్నీ వదలదలుచుకోలేదు. తెర లేవడానికి ఇంకా గంట ఉంది, అప్పుడే బయట మాటలు వినబడుతున్నాయి, నవ్వులు వినబడుతున్నాయి, ఈ హాలు ముందు ఇంతమంది నవ్వగా నేనెప్పుడూ వినలేదు. వీళ్ళలో ఎవరో నిద్రలేనమ్మ, ఎవరో ఉత్తపుణ్యానికి, ఎవరో బస్సుతప్పినోడు. ఫోన్లో వాళ్ళు పెట్టుకున్న పేర్లివి. వారాల తరబడి వీళ్ళతో మాట్లాడుతున్నాను, వీళ్ళలో ఎవరికి కోపమెక్కువో, ఎవరు ఏ వేళకి మేలుకుని ఉంటారో, ఎవరు తప్పు చూపిస్తే గాని తృప్తి పడరో నాకు తెలుసు, ఒక్కరి ముక్కు ఎలా ఉంటుందో మాత్రం తెలియదు. నీలం చొక్కా ఒకటి కంతలో చెయ్యి పెట్టింది. చేతికి సిరా మరకలున్నాయి. ఇతనే ఉత్తపుణ్యానికి కాడు కదా? అడిగితే బాగుండదు. అడగకపోతే నాకు ఊపిరాడదు.

మా మేడమ్ అయితే అడగమనేది. కాలేజీలో మాకు ఆవిడ చెప్పే పాఠమే అది, సోషల్ మీడియాలో ప్రేక్షకుల్ని దగ్గర చేసుకోవడం ఎలా అని, మొదటి రోజే బోర్డు మీద ఏమీ రాయకుండా తిరిగి నిలబడి, "లైకు కొట్టడమంటే దారిన పోతూ తలూపడం. కామెంటు పెట్టడమంటే ఆగి పలకరించడం. మీ గడప తొక్కి కూర్చున్నవాడే మీవాడు. తలూపినవాళ్ళని లెక్కేసుకుని మురిసిపోకండి" అంది. పరీక్ష బదులు ప్రాజెక్టు. ప్రతివాళ్ళూ బయటి సంస్థనొకదాన్ని ఎంచుకుని, ఫోన్లో చూసే జనాన్ని నిజంగా అక్కడికి రప్పించాలి. మా క్లాసువాళ్ళు తెలివైనవాళ్ళు, జిమ్ములు, బట్టల షాపులు, కుక్కపిల్లల ఆశ్రమం పట్టుకున్నారు, కుక్కపిల్లకి వేరే ప్రచారం కావాలా. నేను మా పెద్దమ్మ నాటక సమాజం తీసుకున్నాను. జనం లేని హాలే కావాలనుకుంటే మా హాలుని మించింది దొరకదు, కుర్చీలు నిండుగా, మనుషులు పలచగా, మొదటి వరసలో ఎప్పుడూ చుట్టాలే. మొదట పోస్టర్లు ఫొటో తీసి పెట్టాను. రెండు లైకులొచ్చాయి. ఒకటి అమ్మది, రెండోది మా సమాజం మేకప్ ఆయన వేలు జారి నొక్కింది, ఆయన మర్నాడు వెనక్కి తీసుకున్నాడు కూడా. మేడమ్ ఆ పోస్టు చూసి, "ఇది గోడకి అంటించాల్సింది, మనుషులకి కాదు. నీకు ఇక్కడ ఏది చూడాలని ఉంటుందో అది చూపించు" అంది. నాకు ఏది చూడాలని ఉంటుంది? ఆ ప్రశ్న పట్టుకుని మూడు బస్సులు వదిలేశాను. చిన్నప్పట్నుంచీ నేను నాటకాన్ని ఎదురుగా కూర్చుని చూసిందే తక్కువ, స్టేజి పక్క తెరల చాటున, వింగులోంచి పక్కవాటుగానే చూశాను, పక్కనుంచి చూస్తే నటుల చెవులు, జడపిన్నులు, వీపు మీద చెమట కనిపిస్తాయి, నాకు అవే ఇష్టం. సరే, అక్కడినుంచే తీద్దామనుకున్నాను.

ఫోను పెట్టడానికి వింగులో ఒక్కటే చోటు, ప్లగ్గు ఉన్న గోడ పక్కన ఎత్తు స్టూలు, దానికి ఆనుకునే పెదనాన్న కుర్చీ. పెదనాన్న మా సమాజానికి ప్రాంప్టరు. స్టేజి మీద ఎవరైనా మాట మర్చిపోతే వింగులోంచి, హాలుకి వినబడకుండా, వాళ్ళకి మాత్రం వినబడేలా అందిస్తాడు. ఇంట్లో మాట్లాడేది పెద్దమ్మ, స్టేజి మీద మాట్లాడేది పెద్దమ్మ, ఆ మాటలు అందించేది ఈయన, సొంతానికి ఈయన ఎప్పుడు మాట్లాడుకుంటాడో దేవుడికే తెలియాలి. రిహార్సల్లో పెద్దమ్మ సీను తీశాను, ఇల్లు అద్దెకిచ్చే ముసలావిడ వచ్చినవాళ్ళందరికీ గదులు చూపిస్తుంది గాని ఏ గదీ ఇవ్వడానికి మనసొప్పదు, అదీ నాటకం. తీసి, ఇంటికొచ్చి చూసి, బాగుందనుకుని పెట్టేశాను. పొద్దున లేచేసరికి ఫోను వేడెక్కి ఉంది. వందలమంది ఒకటే ప్రశ్న: ఆ గుసగుస ఎవరిది? ఏ గుసగుస? నాకు అర్థం కాలేదు. మళ్ళీ చూశాను. "ఈ గదిలో ఎండ సాయంత్రం పూట వస్తుంది, పొద్దున వచ్చే ఎండని నేను నమ్మను" అని పెద్దమ్మ అంటోంది, దానికి ఒక అర క్షణం ముందు, ఫోను పక్కనే, అంతకంటే స్పష్టంగా, పెదనాన్న అంటున్నాడు. ఫ్రేము అంచున ఆయన సగం మొహం, కదిలే పెదవి. మూడుసార్లు చూసిన వీడియోలో నాకు అది వినబడనే లేదు. ఎలా వినబడుతుంది? అమ్మకి ఆసుపత్రిలో డ్యూటీ ఉన్న సాయంత్రాలన్నీ నన్ను ఈ వింగులోనే వదిలి వెళ్ళేది, ఆ స్టూలు కాళ్ళ దగ్గరే హోంవర్కు చేశాను, నిద్రపోయాను, పళ్ళూడగొట్టుకున్నాను. లోకంలో ప్రతి మాటా రెండుసార్లు వస్తుందనుకుంటూ పెరిగాను, ముందు మెల్లగా ఒకసారి, తర్వాత గట్టిగా ఒకసారి. మొదటిసారి హాల్లో కూర్చుని నాటకం చూసినప్పుడు సౌండు ఎక్కడో పాడైందని ఏడ్చానట.

ఎవరీయన, ఎవరీ గుసగుసగారు, అని బస్సుతప్పినోడు రాశాడు, ఆ పేరు అంటుకుపోయింది. గారు కూడా పెట్టాడు చూడండి, మనుషులు మంచివాళ్ళే. ఎందుకు అంత నచ్చిందో నాకు ఇప్పటికీ తెగని సంగతి. పెద్దమ్మ నటన గురించి ఒకరిద్దరు రాశారు, సెట్టు గురించి ఒక్కరూ రాయలేదు, అందరికీ ఆ గుసగుసే కావాలి. నేను మేడమ్ నేర్పినట్టు జవాబు చెప్పకుండా ఎదురు ప్రశ్న వేశాను, మీరు మాట మర్చిపోయినప్పుడు మీకెవరు అందిస్తారు అని. అబ్బో. నిద్రలేనమ్మ రాసింది, ఫోన్లో బ్యాంకువాళ్ళతో మాట్లాడుతుంటే పక్కనుంచి తన కొడుకు అందిస్తాడని. ఎవరో డ్రైవరు రాశాడు, పెళ్ళిచూపుల్లో తనకి అక్క అందించిందనీ, అక్క దగ్గడంతో మధ్యలో మాట తెగిపోయిందనీ, అయినా పెళ్ళి జరిగిందనీ. ఉత్తపుణ్యానికి రాశాడు, నాకెవరూ అందించరు, అందుకే ఇలా ఉన్నాను. దానికింద కొందరు వాడిని ఓదార్చారు, కొందరు నవ్వారు, ఇద్దరు పోట్లాడుకున్నారు. నేను వాటిని చదువుతూ క్లాసులు ఎగ్గొట్టాను, క్లాసు ఎగ్గొట్టిందీ ఆ క్లాసు పని మీదే కాబట్టి పాపం అంటదనుకున్నాను. ఇన్నాళ్ళూ ప్రేక్షకులంటే చీకట్లో దగ్గే మనుషులనుకున్నాను, వాళ్ళకీ వెనకాల వింగులుంటాయని ఇప్పుడే తెలిసింది. కాని మధ్యమధ్యలో ఇంకో రకం కామెంటు, ఒక్క లైనుది: ఆవిడకి మాటలు గుర్తుండవా?

గుర్తుండటం లేదు. అదీ అసలు సంగతి. ఒకప్పుడు పెద్దమ్మకి పెదనాన్న అందించాల్సింది ఏ పది నాటకాలకో ఒక మాట. ఇప్పుడు సీనుకో మాట, ఒక్కోసారి వరసగా నాలుగు. హాలుకి తెలియదు, ఎందుకంటే వాళ్ళిద్దరి మధ్య ఆ అర క్షణం అంత నున్నగా సాగిపోతుంది. తెలిసిన రోజు ఏమవుతుందో పెద్దమ్మ ముందే చెప్పి పెట్టింది. తనతో పాటు ఏళ్ళ తరబడి వేషాలు వేసిన స్నేహితురాలికి ఒకసారి అందించిన మాట చివరి వరసదాకా వినబడి జనం నవ్వినప్పుడు, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని, "అందింపు హాల్లోకి వినబడిందంటే ఇక ఆ మనిషి మొహానికి రంగు వేసుకోకూడదు. నాకైనా అంతే. నాలుగు రోజులు ముందు మానేసినా మర్యాదే, నవ్వించుకుని మానేయడం నావల్ల కాదు" అంది. పెద్దమ్మ ఆరు నూరైనా అన్న మాట మీద నిలబడే రకం. ఇప్పుడు నేనేం చేశాను? ఏ మాట హాలుకి వినబడకూడదో ఆ మాట వినడానికే హాలు నిండా జనాన్ని పిలిచాను. చెవులు రిక్కించుకుని వస్తున్నారు. మా మేడమ్ మార్కులు ఎన్నయినా వేయనీ, ఈ రాత్రితో పెద్దమ్మ నటించడం మానేస్తే నేను ఎవరి మొహం చూస్తాను? నాకు భయంగా ఉంది. భయంగా ఉంది, అయినా కంతలో చెయ్యి పడ్డప్పుడల్లా ఇది ఎవరి చెయ్యా అని చూడకుండా ఉండలేకపోతున్నాను, సిగ్గులేని కళ్ళు.

తలుపు చప్పుడైతే టికెట్లు అయిపోయాయా అని అడగడానికి ఎవరో వచ్చారనుకున్నాను, పెదనాన్న. చొక్కా గుండీలు పైనుంచి కిందికి ఒకటి తప్పించి పెట్టుకున్నాడు, అంటే కంగారులో ఉన్నాడని.

"ఏం తల్లీ, జనం బాగానే ఉన్నట్టున్నారు?"

"ఎప్పుడూ ఇంతమంది రాలేదు పెదనాన్నా."

"మేకప్ ఆయన ఏదో అంటున్నాడు. నా మాట బయటికి వినబడుతోందట కదా."

"హాల్లో కాదు, ఫోన్లోనే. ఫోను మీ పక్కనే పెట్టాను కదా, అందుకని."

"మీ పెద్దమ్మకి తెలుసా?"

"తెలీదు."

"తెలియనివ్వకు." గుండీల వైపు చూసుకున్నాడు గాని సరిచేసుకోలేదు. "ఇవాళ ఇంకాస్త మెల్లిగా చెబుతాలే."

"ఇంకా మెల్లిగానా? ఇప్పటికే మీ మాట మీకే వినబడదు."

నవ్వాడు, ఆ నవ్వూ వినబడలేదు. తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. ఇంకా మెల్లిగా చెబితే పెద్దమ్మకి మాత్రం ఎలా వినబడుతుంది అన్న ఆలోచన ఆయన వెళ్ళాక వచ్చింది నాకు, ఎప్పుడూ ఇంతే, నా బుర్ర కూడా ఎవరో అందిస్తే గాని కదలదు. పరిగెత్తి చెబుదామంటే కంత ముందు జనం. ఒక లావుపాటావిడ వంగి, నేరుగా నా మొహంలోకి చూసి, "నువ్వేనా మాతో మాట్లాడేది? నేను నిద్రలేనమ్మని" అంది. అమ్మ దొంగా! నేను ఆవిడని సన్నగా, కళ్ళ కింద నల్లటి చారలతో ఊహించుకున్నాను. ఈవిడ బుగ్గలు చూస్తే మధ్యాహ్నం కూడా హాయిగా పడుకునే మనిషిలా ఉంది. పక్కన పొడుగ్గా కొడుకు, బ్యాంకు మాటలు అందించేవాడు, ఫోన్లోంచి తల ఎత్తలేదు. "గుసగుసగారు ఇవాళ ఉన్నారు కదా? ఏ పక్క కూర్చుంటే వినబడుతుంది?" అని అడిగింది. కుడి పక్క అని నిజం చెప్పాలా, ఎడమ పక్క అని అబద్ధం చెప్పాలా? మధ్యలో కూర్చోమన్నాను. వెనకాల ఎవరో "మాకూ అక్కడే ఇవ్వండి" అన్నారు. గుండెల్లో రాయి పడింది, అయినా ఆవిడ మొహం చూసినందుకు లోపల ఎక్కడో సంబరంగానే ఉంది, ఈ రెండూ ఒకే కడుపులో ఎలా ఇముడుతున్నాయో నాకే వింతగా ఉంది.

టికెట్లు అయిపోయాయి. నిలబడి చూస్తామన్నవాళ్ళని కూడా లోపలికి పంపి, నేను వెనక దారిన వింగు వైపు వెళుతుంటే, గ్రీన్‌రూమ్ గుమ్మంలో పెద్దమ్మ, సగం మొహం ముసలావిడ, సగం మొహం తను. ఒక కనుబొమ్మ తెల్లగా, ఒకటి నల్లగా.

"ఆ ఫోను ఇలా తే."

"ఏ ఫోను?"

"చేతిలో పెట్టుకుని ఏ ఫోనంటావేమే? నేనేదో వీడియోలో ఉన్నానట. ఊరంతా చూశాక నేను చూడకూడదా?"

మేకప్ ఆయన లోపల దువ్వెన తెగ కడుగుతున్నాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానితే కదా. దాచడానికి ఇక ఏముంది, ఇచ్చాను. పెద్దమ్మ చెయ్యి చాచి ఫోను అంత దూరంలో పట్టుకుని చూసింది. నేను పెద్దమ్మని చూశాను. అయిపోయాక "మళ్ళీ పెట్టు" అంది. ఈసారి దగ్గరగా పట్టుకుంది, స్టేజి వైపు కాదు, ఫ్రేము అంచు వైపు చూస్తోంది.

"ఈయన నోరేమిటి, నేను మర్చిపోనివి కూడా అంటున్నాడు?"

"అన్నీ అంటారు పెద్దమ్మా. మొదట్నుంచి చివరిదాకా. మీకు ఆగినప్పుడే పైకి అంటారు, మిగతావి పెదవులతోనే, ఆయన పక్కనే కూర్చుంటే గాని వినబడవు."

"నువ్వు చూశావా?"

"చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా."

"నేనెప్పుడూ చూడలేదే," అంది పెద్దమ్మ. నిజమే. ఎలా చూస్తుంది? ఆవిడ మొహం ఎప్పుడూ హాలు వైపే. ఆయన ఎప్పుడూ ఆవిడ చెవి వెనకాలే. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని విన్నదే గాని చూసింది లేదు. "ఇదిగో, నేను కన్నీళ్ళు పెట్టుకునే చోట ఈయన మూతి చూడు. నాకంటే బాగా ఏడుస్తున్నాడు, దొంగ." నవ్వింది, తెల్ల కనుబొమ్మ కాస్త చెరిగింది. తర్వాత "కింద ఏం రాశారు, చదువు" అంది. నేను మంచివి చదువుతూ ఒకచోట దాటేశాను. "దాటేసింది చదువు" అంది. చదివాను. ఆవిడకి మాటలు గుర్తుండవా? పెద్దమ్మ ఫోను నా చేతిలో పెట్టింది. "అడిగినదాంట్లో తప్పేముంది. ఉండటం లేదు." ఎంత మామూలుగా అంది. "మానేస్తారా?" అని అడగబోయి, అడిగేశాను కూడా. ఆవిడ అద్దం వైపు తిరిగి, "ముందు ఈ పూట గడవనీ" అంది, అని, మళ్ళీ వెనక్కి తిరిగి, "నేను ఇది చూశానని మీ పెదనాన్నకి చెప్పకు, ఆయన బెదిరిపోతాడు" అంది. ఆవిడకి చెప్పొద్దని ఆయన, ఆయనకి చెప్పొద్దని ఆవిడ, మధ్యలో నేను మింగలేక కక్కలేక, ఇదే కాపురమైతే నాకొద్దు, అనుకున్నాను, అనుకుంటూనే ఇదే అయితే బాగుండుననుకున్నాను.

బెల్లు మోగింది. వింగుకి వెళ్ళి పెదనాన్నకి గట్టిగా చెప్పమని చెబుదామనుకున్నదాన్ని, వెళ్ళలేకపోయాను, ఎందుకంటే మొదటి సీను ఫోన్లో లైవ్ ఇస్తానని అందరికీ మాటిచ్చాను, రాలేనివాళ్ళు అప్పుడే చేరి ఎదురుచూస్తున్నారు. హాలు వెనకాల తలుపు పక్కన, నిలబడ్డవాళ్ళ మధ్య నిలబడి ఫోను ఎత్తి పట్టుకున్నాను. దీపాలు ఆరాయి. ఇంతమంది ఊపిరి ఒక్కసారి వినబడితే ఎలా ఉంటుందో నాకిప్పటిదాకా తెలియదు, బస్సు తలుపు తెరుచుకున్నట్టుంది. తెర లేచింది. పెద్దమ్మ కుర్చీలో ఉంది, రెండు కనుబొమ్మలూ తెల్లగా. నాకు నాటకం పట్టడం లేదు, నేను హాలుని చూస్తున్నాను, ఎన్ని తలలో అన్నీ కొంచెం కుడి పక్కకి వాలి ఉన్నాయి, వింగు వైపు, అందరూ చెవులు అటే పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళు పెద్దమ్మని వినడం లేదు. ఆవిడ మర్చిపోవాలని కోరుకుంటున్నారు, తెలిసి కోరుకోవడం లేదు, అయినా కోరుకుంటున్నారు. నేనే నేర్పాను వాళ్ళకది. ఎండ మాట వచ్చింది, పెద్దమ్మ దాన్ని తడుముకోకుండా అనేసింది, హాల్లో సన్నగా నిట్టూర్పు, నిరాశది. అద్దెకి వచ్చినవాడి వేషం వేసిన కుర్రాడు లోపలికొచ్చి, నిలబడి, గది చూపిస్తారా అండీ అన్నాడు. పెద్దమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

వింగు వైపు చూశాను. పెదనాన్న పెదవి కదలడం ఇక్కడినుంచి కనబడదు, కాని కదులుతోందని నాకు తెలుసు, అంటున్నాడని తెలుసు, ఇంకాస్త మెల్లిగా, ఎవరికీ వినబడకుండా, ఆవిడ పరువు కాపాడేంత మెల్లిగా. ఆవిడకీ వినబడటం లేదు. కుర్రాడు ఆ ప్రశ్నే మళ్ళీ అడిగాడు. ఎవరి కుర్చీయో కిర్రుమంది. ఎవరైనా నవ్వితే అయిపోయింది, ఒక్కరు చాలు, మా పెద్దమ్మ రేపట్నుంచి మామూలు మొహంతో ఇంట్లో కూర్చుంటుంది. ఎవరూ నవ్వకండి, నిద్రలేనమ్మా నువ్వు నవ్వకు, మీరందరూ మంచివాళ్ళు, మీ అక్కలూ మీ కొడుకులూ మీకు అందించినవాళ్ళే, నవ్వకండి. పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. హాలుకి వీపు పెట్టింది. స్టేజి మీద ఎవరూ ఎప్పుడూ చేయకూడని పని అది. వింగు వైపు తిరిగి, ఇంట్లో వంటింట్లోంచి పిలిచేంత గొంతుతో అంది.

"ఏమండీ, వినబడటం లేదు. కాస్త గట్టిగా చెప్పండి."

తర్వాత వింగులోంచి గొంతు వచ్చింది. గుసగుస కాదు. పెదనాన్న గొంతు అంత పెద్దదని నాకు తెలియదు, కాస్త వణికింది గాని హాలు చివరిదాకా వచ్చి నా వెనకాల తలుపుకి తగిలింది.

"నిలబడే ఉన్నారేం, గది ఎక్కడికీ పోదు, ముందు కూర్చోండి!"

నా పక్కన నిలబడ్డ పెద్దమనిషి గభాలున నేల మీద కూర్చున్నాడు. ఆయన వెనకాల ఇంకో ఇద్దరు. అప్పుడు నవ్వొచ్చింది హాల్లో, అందరికీ, కూర్చున్నాయనకి కూడా, నేను ఇందాకట్నుంచి భయపడ్డ నవ్వు ఇది కాదు. పెద్దమ్మ నవ్వలేదు. ఆ నవ్వు అణిగేదాకా ఆయన వైపే చూస్తూ నిలబడింది, చూడవలసినంతసేపు చూసింది. తర్వాత తన కుర్చీని స్వయంగా లాక్కుని వింగుకి దగ్గరగా, ఆయన కనబడేలా వేసుకుని, కూర్చుని, కుర్రాడితో ఆ మాటే అంది, తన గొంతుతో, మెల్లగా. తలలన్నీ ఇప్పుడు పెద్దమ్మ వైపు తిరిగి ఉన్నాయి.

లైవ్‌లో కింద కామెంట్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. సౌండు పోయిందా? ఎవరా అరిచింది? గుసగుసగారేనా? బస్సుతప్పినోడు ఇవాళ కూడా తప్పిపోయినట్టున్నాడు, ఫోన్లోనే ఉన్నాడు, అడిగాడు: ఇది నాటకంలో ఉన్నదేనా? వచ్చినవాళ్ళకి ఎప్పుడూ జవాబు చెప్పాలని మేడమ్ అంటుంది. లేదు అని కొట్టాను. చెరిపేశాను. తెలీదు అని కొట్టాను, అదీ చెరిపేశాను. తల ఎత్తి చూస్తే పెద్దమ్మ ఒక మాట దగ్గర మళ్ళీ ఆగి, హాయిగా వింగు వైపు తల తిప్పుతోంది. ఒక చేత్తోనే రాసి పంపాను.

ఇవాళ్టి నుంచి ఉంది.